ఇంగ్లండ్‌లో రిపీట్ ప్రిస్క్రిప్షన్: జీపీ సర్జరీలో మందులు అడగడం, ఫార్మసీలో తీసుకోవడం – తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్‌కు కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలూ, పిల్లల దగ్గర స్థిరపడిన పెద్దవాళ్లూ రిపీట్ మందుల విషయంలో అడిగే సందేహాలు దాదాపు ఒకటే కావడంతో వాటిని ఒకచోట చేర్చాను. మన ఊళ్లో బీపీ మాత్రలు అయిపోతే ఖాళీ స్ట్రిప్పు పట్టుకుని మెడికల్ షాపుకు వెళ్తాం. అయిదు నిమిషాల్లో పని అయిపోతుంది. ఇక్కడ అదే పని రెండు చేతులు మారుతుంది: మందు ఇవ్వవచ్చని ఆమోదించేది సర్జరీ, మందు చేతికిచ్చేది ఫార్మసీ. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వల్లనే చాలామంది ఆఖరి మాత్ర వేసుకున్న రోజున ఇబ్బంది పడుతున్నారు. మరో మాట: మనకు సర్జరీ అంటే ఆపరేషన్, ఇక్కడ ఆ మాటకు కుటుంబ వైద్యుడి (జీపీ) క్లినిక్ అని కూడా అర్థం. ఈ సమాధానాలు ఇంగ్లండ్‌కు సంబంధించినవి. వేల్స్, స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌లలో నియమాలు కొంత వేరు.

## మొదలుపెట్టే ముందు

డాక్టర్ ఒకసారి రాసిన చీటీతో మళ్లీ మళ్లీ మందులు కొనుక్కోకూడదా?

కుదరదు. ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) ప్రిస్క్రిప్షన్ ఒక్కసారి మందు ఇవ్వడానికే చెల్లుతుంది. మందు ఇచ్చిన తరువాత ఫార్మసీ ఆ ప్రిస్క్రిప్షన్‌ను మీకు తిరిగి ఇవ్వదు. బీపీ, షుగర్, థైరాయిడ్, ఆస్తమా వంటి దీర్ఘకాలిక సమస్యలకు ఒకే మందు నెలల తరబడి వాడవలసి వచ్చినప్పుడు, ప్రతిసారీ డాక్టరును కలవకుండానే కొత్త ప్రిస్క్రిప్షన్ పొందేలా ఆ మందును మీ రికార్డులో రిపీట్ జాబితాలో చేరుస్తారు. ఆ జాబితాలో ఉన్న మందును మీరు అడగాలి, సర్జరీ ఆమోదించాలి, ఆ తరువాతే ఫార్మసీ ఇస్తుంది. జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన మందు దానంతట అదే రాదు. ఎవరో ఒకరు అడగాలి.

ఇండియాలో వాడుతున్న మందులనే ఇక్కడ రిపీట్‌లో పెడతారా?

మందు అదే కావచ్చు గాని పేరు అదే ఉండదు. ఇక్కడి వైద్యులు ఎక్కువగా కంపెనీ పేరుతో కాక మందు అసలు పేరుతో రాస్తారు. మీరు థైరోనార్మ్ అంటే వారికి తెలియకపోవచ్చు, లీవోథైరాక్సిన్ అంటే వెంటనే తెలుస్తుంది. అలాగే గ్లైకోమెట్ అంటే మెట్‌ఫార్మిన్, టెల్మా అంటే టెల్మిసార్టన్, ఎకోస్ప్రిన్ అంటే ఆస్పిరిన్. రెండు మూడు మందులు కలిపి ఒకే మాత్రగా చేసినవి మన దగ్గర విరివిగా రాస్తారు. ఇక్కడ వాటిలో చాలా వాటిని విడివిడి మాత్రలుగానే ఇస్తారు, కొన్నిసార్లు వాటికి బదులు అదే కుటుంబానికి చెందిన మరో మందు రాస్తారు.

అందువల్ల మొదటి అపాయింట్‌మెంటుకు వెళ్లేటప్పుడు మందుల డబ్బాలు లేదా స్ట్రిప్పులు, అక్కడి డాక్టర్ చీటీ, ఇటీవలి రక్తపరీక్షల రిపోర్టులు తీసుకువెళ్లండి. స్ట్రిప్పు వెనుక చిన్న అక్షరాలలో మందు అసలు పేరు, మిల్లీగ్రాములు ఉంటాయి. వాటిని ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకుని వెళితే డాక్టరుకూ మీకూ సమయం మిగులుతుంది. భారతదేశంలో రాసిన చీటీని ఇక్కడి ఫార్మసీ అంగీకరించదు కాబట్టి ఈ మొదటి అపాయింట్‌మెంటును మందులు ఇంకా నెల రోజులకు మిగిలి ఉండగానే పెట్టుకోవడం క్షేమం.

అడ్రస్ ప్రూఫ్ లేకపోతే సర్జరీలో చేర్చుకోరా?

చేర్చుకోవాలి. జీపీ దగ్గర నమోదు చేసుకోవడానికి చిరునామా రుజువు గాని, గుర్తింపు కార్డు గాని, వీసా పత్రాలు గాని తప్పనిసరి కావని ఎన్‌హెచ్‌ఎస్ నియమం స్పష్టంగా చెబుతోంది. సర్జరీలు సౌలభ్యం కోసం అడుగుతాయి. ఉంటే ఇవ్వండి, లేవన్న కారణంతో తిప్పి పంపితే ఈ నియమాన్ని మర్యాదగా గుర్తుచేయండి.

మందులు ఏ ఫార్మసీకి పంపాలో ఎవరు నిర్ణయిస్తారు?

మీరే. ఇప్పుడు ప్రిస్క్రిప్షన్లలో అత్యధిక భాగం కాగితం మీద కాకుండా కంప్యూటర్ ద్వారా ఫార్మసీకి వెళుతుంది. మీకు అనువైన ఒక ఫార్మసీని ఎంచుకుని ఆ సంగతి సర్జరీకి గాని, ఆ ఫార్మసీకే గాని చెప్పవచ్చు, లేదా ఎన్‌హెచ్‌ఎస్ యాప్‌లో మీరే నమోదు చేసుకోవచ్చు. ఎప్పుడైనా మార్చుకునే హక్కు మీకు ఉంది. ఇంటికి దగ్గరదే కావాలని లేదు. శనివారం తెరిచి ఉంటుందా, సాయంత్రం ఎంతవరకు ఉంటుందో చూసుకోండి, ఉద్యోగానికి వెళ్లేవారికి అదే ముఖ్యం. ఇల్లు మారినప్పుడు సర్జరీకి కొత్త చిరునామా చెప్పి ఫార్మసీని మార్చడం మరిచిపోయే వారు చాలామంది; మందులు పాత పేటలోని షాపుకే వెళుతుంటాయి.

మీరు ఉండేది పల్లె ప్రాంతమై, దగ్గరి ఫార్మసీ 1.6 కిలోమీటర్ల కంటే దూరంలో ఉంటే, కొన్ని సర్జరీలు తమ దగ్గరే మందులు కూడా ఇస్తాయి. ఆ సౌకర్యం ఉందేమో రిసెప్షన్‌లో అడగండి.

పారాసిటమాల్, విటమిన్ డి, అలర్జీ మాత్రలు రిపీట్‌లో ఎందుకు పెట్టరు?

ప్రిస్క్రిప్షన్ లేకుండా షాపులో కొనుక్కోగల మందులను చిన్నచిన్న, తాత్కాలిక సమస్యలకు రాయవద్దని 2018లో ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండ్ వైద్యులకు సూచించింది. జలుబు, గడ్డిపూల అలర్జీ, అప్పుడప్పుడు వచ్చే తలనొప్పి ఈ కోవలోకి వస్తాయి. దీర్ఘకాలిక నొప్పికి క్రమం తప్పకుండా పారాసిటమాల్ వాడవలసిన వారికి, పరీక్షలో విటమిన్ డి లోపం తేలి చికిత్స అవసరమైన వారికి ఈ సూచన అడ్డు కాదు. అటువంటి పరిస్థితి మీదైతే డాక్టరుకు వివరంగా చెప్పండి.

## మందులు అడగడం

మాత్రలు అయిపోవడానికి ఎన్ని రోజుల ముందు అడగాలి?

వారం నుంచి పది రోజుల ముందు. ఇంతకంటే ఖచ్చితంగా పాటించవలసిన నియమం ఈ మొత్తం వ్యవహారంలో మరొకటి లేదు.

చాలా సర్జరీలు రెండు పనిదినాలు అని రాసి ఉంచుతాయి. అది ఆమోదానికి పట్టే సమయం మాత్రమే. శని, ఆదివారాలు, బ్యాంకు సెలవులు (ఇక్కడి ప్రభుత్వ సెలవులు) అందులో లెక్కకు రావు. ఆ తరువాత ఫార్మసీ మందు తెప్పించి, సరిచూసి, సంచిలో పెట్టడానికి మరో రెండు మూడు రోజులు పట్టవచ్చు. ఒక ఈస్టరుకు మా అత్తయ్యగారి బీపీ మాత్రలు శనివారంతో అయిపోతాయని తెలిసీ, రెండు రోజులే కదా అని గురువారం మధ్యాహ్నం అడిగాను. శుక్రవారం గుడ్ ఫ్రైడే, తరువాత శని, ఆదివారాలు, సోమవారం కూడా సెలవు. సర్జరీ చెప్పిన మాట తప్పకుండా బుధవారం సాయంత్రానికి ఆమోదించింది. మందులు చేతికి వచ్చింది శుక్రవారం. నడుమ ఆమె మాత్రలు లేకుండా ఉన్న రోజులు నాకు ఇప్పటికీ బాధగానే గుర్తొస్తాయి. ఈస్టర్, మే నెలలోని రెండు బ్యాంకు సెలవులు, ఆగస్టు ఆఖరి సోమవారం, క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం వరకు ఉండే రోజులు – వీటి ముందు మరో వారం కలుపుకోండి.

అలాగని మరీ ముందుగా, అంటే మూడు వారాల మందు చేతిలో ఉండగా అడిగితే సర్జరీ తిరస్కరించే అవకాశం ఉంది.

ఫోన్ చేసి చెబితే ఎందుకు తీసుకోరు? మరి ఎలా అడగాలి?

మందుల పేర్లు ఒకదానితో ఒకటి పోలి ఉంటాయి, మోతాదులు వేరుగా ఉంటాయి. ఫోన్‌లో ఒక అక్షరం తప్పుగా వినిపించినా ప్రమాదమే. అందుకే చాలా సర్జరీలు ఫోన్ మీద రిపీట్ అభ్యర్థనలు తీసుకోవు. ఇంటి నుంచి కదలలేని వారికి, చూపు సరిగా లేని వారికి కొన్ని సర్జరీలు మినహాయింపు ఇస్తాయి. అటువంటి అవసరం ఉంటే ముందుగా చెప్పి రికార్డులో రాయించుకోండి.

అన్నిటికంటే సులువైన దారి ఎన్‌హెచ్‌ఎస్ యాప్. పాస్‌పోర్టు వంటి ఫోటో గుర్తింపుతో ఒకసారి మీరెవరో నిరూపించుకుంటే, మీ రిపీట్ జాబితా తెర మీద కనబడుతుంది. కావలసిన మందులను ఎంచుకుని పంపితే సరిపోతుంది. 13 ఏళ్లు దాటినవారెవరైనా దీన్ని వాడవచ్చు. యాప్ వద్దనుకునేవారు సర్జరీ వెబ్‌సైటులోని ఫారం నింపవచ్చు, లేదా కాగితం మీద అడగవచ్చు. ప్రిస్క్రిప్షన్ కాగితానికి కుడివైపు సగంలో మీ రిపీట్ మందులన్నీ ముద్రించి ఉంటాయి. దాన్ని చించి దాచుకుని, కావలసిన వాటి ఎదుట టిక్ పెట్టి, సర్జరీ తలుపు దగ్గరి పెట్టెలో వేయండి. కాగితం ఎప్పుడూ చేతికి రాకపోతే ఫార్మసీనో రిసెప్షన్‌నో అడిగి ముద్రించుకోవచ్చు.

నాన్నగారికి ఇంగ్లీషూ రాదు, ఫోనూ వాడరు. ఆయన తరఫున నేను అడగవచ్చా?

అడగవచ్చు. కాగితం స్లిప్పు అయితే మీరు పెట్టెలో వేస్తే చాలు. యాప్‌లో చేయాలంటే ఆయన అంగీకారంతో, ఆయన ఖాతాను మీ ఖాతాకు జతచేసే ప్రతినిధి అనుమతి సర్జరీ నుంచి తీసుకోవాలి. దానికి ఒక ఫారం ఉంటుంది. ఆయన పాస్‌వర్డుతో మీరు లాగిన్ కావడం కంటే ఇదే సరైన పద్ధతి, ఎందుకంటే రికార్డులో ఎంతవరకు మీకు చూపాలో ఆయనే నిర్ణయించుకోగలరు.

భాష గురించి మరొక మాట. జీపీ దగ్గర దుబాసీ సేవ రోగికి ఉచితం. అపాయింట్‌మెంట్ పెట్టుకునేటప్పుడే తెలుగు దుబాసీ కావాలని అడగండి. చాలాసార్లు ఫోన్ ద్వారా ఏర్పాటు చేస్తారు. పిల్లలే అనువదించాలని లేదు. కొన్ని విషయాలు కొడుకు ముందో కోడలు ముందో చెప్పడానికి పెద్దవాళ్లు సంకోచిస్తారు, ఆ సంకోచంలో డాక్టరుకు తెలియవలసినది తెలియకుండా పోతుంది.

జాబితాలో ఎనిమిది మందులున్నాయి. ప్రతిసారీ అన్నీ అడగాలా?

అయిపోతున్నవే అడగండి. ఎప్పుడో ఒకసారి వాడే ఇన్‌హేలరు, పూతమందు, నొప్పి మాత్ర ఇంట్లో ఉంటే వదిలేయండి. జాబితాలోంచి పోతుందేమోనని అడగనవసరం లేదు. ఒక మందు వాడడం మానేసి ఉంటే ఆ సంగతి సర్జరీకి తప్పక చెప్పాలి. వాడకుండా ఇంట్లో పోగుచేస్తే, డాక్టరు మీరు వాడుతున్నారనే అనుకుని, బీపీ తగ్గలేదని మోతాదు పెంచే ప్రమాదం ఉంది.

మందులు వేర్వేరు తేదీల్లో అయిపోతుంటే, అన్నీ ఒకే రోజుకు వచ్చేలా ఒకసారి సర్దుబాటు చేయమని సర్జరీలోని ఫార్మసిస్టును అడగండి. ఏ మందు ఎన్ని మాత్రలు మిగిలిందో లెక్కపెట్టి రాసి ఇస్తే వారు పని సులువుగా చేస్తారు.

ప్రతి నెలా అడగకుండా ఏడాదికి ఒకేసారి ఏర్పాటు చేసుకోలేమా?

మందులూ మోతాదులూ మారకుండా నిలకడగా ఉన్నవారికి ఆ ఏర్పాటు ఉంది. డాక్టరు 12 నెలల వరకు సరిపడే ప్రిస్క్రిప్షన్లను ఒకేసారి ఆమోదించి ఫార్మసీకి పంపిస్తారు. మీరు గడువు ప్రకారం నేరుగా ఫార్మసీకి వెళ్లి తీసుకుంటారు. ప్రతిసారీ ఫార్మసిస్టు, కొత్త మందులేమైనా మొదలుపెట్టారా, ఆసుపత్రిలో చేరారా, ఏదైనా ఇబ్బంది ఉందా అని అడుగుతారు. వృద్ధులున్న ఇళ్లకు ఇది ఎంతో మేలైన పద్ధతి. చాలామందికి దీని సంగతి తెలియదు కాబట్టి మీరే అడగండి.

## సర్జరీ ఆమోదించే దశ

ఎన్నేళ్లుగానో వాడుతున్న మందే. ఇప్పుడు రివ్యూకి రావాలని ఎందుకు ఆపారు?

రిపీట్ మందులకు ఒక గడువు ఉంటుంది, సాధారణంగా ఏడాది. ఆ గడువులో మందు ఇంకా అవసరమా, మోతాదు సరిపోతోందా, దాని వల్ల మూత్రపిండాలకో కాలేయానికో హాని జరుగుతోందా అని చూడాలి. థైరాయిడ్ మందుకు రక్తంలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చూపే హార్మోను), షుగరు మందులకు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు), మూత్రపిండాల పనితీరు, బీపీ మందులకు బీపీ కొలత, కొన్ని మందులకు రక్తంలోని లవణాలు చూస్తారు. మెథోట్రెక్సేట్, లిథియం, వార్ఫరిన్ వంటి వాటికి పరీక్షలు ఇంకా తరచుగా ఉంటాయి. ఆ ఫలితాలు చూడకుండా మళ్లీ రాయడం నిజంగానే ప్రాణాపాయం.

ఇది మందు ఇవ్వకుండా తప్పించుకునే ఎత్తుగడ అని కొందరు కోప్పడతారు. నా అభిప్రాయం దానికి విరుద్ధం: ఏళ్ల తరబడి పరీక్ష లేకుండా ఒకే మోతాదు మింగుతూ పోవడం కంటే ఈ అడ్డంకే మేలు. రివ్యూను చాలాచోట్ల సర్జరీలోని ఫార్మసిస్టు ఫోన్‌లోనే చేస్తారు. అపాయింట్‌మెంట్ దూరంగా ఉండి మందు అయిపోతుంటే, రివ్యూ జరిగే దాకా కొద్దిరోజులకు సరిపడా ఇవ్వమని అడగండి. చాలా మందుల విషయంలో ఒప్పుకుంటారు.

ఆసుపత్రి స్పెషలిస్టు మోతాదు మార్చారు, సర్జరీ నుంచి పాతదే వస్తోంది. ఎందుకు?

ఆసుపత్రి రాసిన లేఖ సర్జరీకి చేరి, ఎవరో చదివి, రిపీట్ జాబితాలో మార్చేవరకు పాత వివరాలే ఉంటాయి. డిశ్చార్జి పత్రం లేదా క్లినిక్ లేఖ కాపీ మీ దగ్గర ఉంటే ఆ రోజే సర్జరీకి ఇవ్వండి. పాత మోతాదు మాత్రలు ఇంటికి వచ్చేసి ఉంటే, మీరే విరిచో రెట్టింపు చేసో వేసుకోకండి. ముందు ఫార్మసిస్టుతో మాట్లాడండి. ఆసుపత్రి ఆపేసిన మందు జాబితాలో మిగిలిపోయిందేమో కూడా ఒకసారి చూసుకోండి.

28 రోజులకే ఇస్తున్నారు. మూడు నెలలకు ఒకేసారి ఇవ్వరా?

ఎన్ని రోజులకు ఇవ్వాలన్నది డాక్టరు విచక్షణ. చాలా సర్జరీలు 28 లేదా 56 రోజులకు రాస్తాయి. మోతాదు మారితే మిగిలిన మాత్రలు వృథా కావడం, కొన్ని మందులు ఇంట్లో ఎక్కువగా ఉంటే ప్రమాదం కావడం దీనికి కారణాలు. మీ మందులు నిలకడగా ఉంటే 56 రోజులకు మార్చమని అడగడంలో తప్పులేదు. మందుకు డబ్బు కట్టేవారికి ఖర్చు సగమవుతుంది.

## ఫార్మసీలో తీసుకోవడం

సర్జరీ పంపామంటుంది, ఫార్మసీ రాలేదంటుంది. ఏం చేయాలి?

ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. ముందు సర్జరీని మూడు విషయాలు అడగండి: ఏ తేదీన పంపారు, ఏ ఫార్మసీకి పంపారు, ఎన్ని మందులు ఆమోదించారు. పాత ఫార్మసీకి వెళ్లి ఉండవచ్చు; అక్కడ ఇంకా మందు సిద్ధం చేయకపోతే ప్రిస్క్రిప్షన్‌ను కంప్యూటర్ వ్యవస్థలోకి తిరిగి వదిలేయమని అడిగితే కొత్త ఫార్మసీ తీసుకోగలదు. ప్రిస్క్రిప్షన్ ఏ ఫార్మసీ పేరూ లేకుండా వ్యవస్థలో నిలిచి ఉంటే, దాని సంఖ్య లేదా మీ ఎన్‌హెచ్‌ఎస్ నంబరు చెబితే ఏ ఫార్మసీ అయినా వెతికి తీయగలదు. సర్జరీ సందేశం వచ్చిన గంటకే ఫార్మసీకి వెళ్లకపోవడం మంచిది. సిద్ధమైందని ఫార్మసీ నుంచి సందేశం వచ్చే ఏర్పాటు ఉంటే మీ మొబైల్ నంబరు వారికి ఇవ్వండి.

నా బదులు ఇంకొకరు వెళ్లి తెచ్చుకోవచ్చా?

తెచ్చుకోవచ్చు. రోగి పూర్తి పేరు, చిరునామా, పుట్టిన తేదీ చెప్పగలగాలి. మన పేర్లలో ఇంటిపేరు ముందూ వెనకా అవుతుంది కాబట్టి పాస్‌పోర్టులో ఉన్న వరుసలోనే చెప్పడం మంచిది. కౌంటర్ దగ్గర సంచి దొరకకపోవడానికి ఇది చాలా మామూలు కారణం. మార్ఫిన్ వంటి నియంత్రిత మందులకు తీసుకువెళ్లేవారి గుర్తింపు కార్డు అడుగుతారు. కదలలేని వారికి కొన్ని ఫార్మసీలు ఇంటికి పంపిస్తాయి. ఈ సేవ కొన్నిచోట్ల ఉచితం, కొన్నిచోట్ల రుసుము ఉంటుంది.

56 మాత్రలు రాస్తే 20 మాత్రమే ఇచ్చారు. మిగతావి పోయినట్టేనా?

పోవు. నిల్వ లేనప్పుడు ఉన్నంతవరకు ఇచ్చి, మిగిలినది బాకీగా రాసి చీటీ ఇస్తారు. ఆ చీటీ దాచుకుని రెండు మూడు రోజుల్లో మళ్లీ వెళ్లండి. దేశమంతటా ఆ మందుకు కొరత ఉంటే బదులు మందు కోసం సర్జరీతో మాట్లాడవలసి ఉంటుంది.

ఈసారి మాత్ర రంగు, డబ్బా వేరుగా ఉన్నాయి. తప్పు మందు ఇచ్చారా?

చాలావరకు కంపెనీ మారి ఉంటుంది, మందు అదే. డబ్బా మీద అంటించిన లేబుల్‌లో మందు పేరు, మిల్లీగ్రాములు చూడండి; అవి పాత డబ్బాతో సరిపోతే భయం లేదు. రంగును బట్టి గుర్తుపట్టే పెద్దవాళ్లకు మాత్రం ఇది నిజమైన సమస్య. తెల్ల మాత్ర పొద్దున, గులాబీ మాత్ర రాత్రి అని అలవాటుపడిన మనిషి రంగు మారగానే ఒకే మందును రెండుసార్లు వేసుకోవచ్చు. కొత్త సంచి తెచ్చిన రోజునే విప్పి, డబ్బాల మీద తెలుగులో ఉదయం, రాత్రి అని రాసిపెట్టండి. మూర్ఛకు వాడే కొన్ని మందులలో కంపెనీ మారకూడదు, థైరాయిడ్ మాత్రల కంపెనీ మారినప్పుడు కొందరికి ఇబ్బంది కలుగుతుంది. అటువంటప్పుడు డాక్టరుకు చెబితే ఒకే కంపెనీది రాయగలరు.

ఆమోదించిన ప్రిస్క్రిప్షన్ ఎన్నాళ్లు చెల్లుతుంది?

మామూలు మందులకు తేదీ నుంచి ఆరు నెలలు, ఎక్కువ నియంత్రణ ఉన్న మందులకు 28 రోజులు. అయితే సిద్ధం చేసిన సంచిని ఫార్మసీ కొన్ని వారాలే ఉంచి, తరువాత మందులను అరలో తిరిగి పెట్టేస్తుంది.

## డబ్బు సంగతి

వీసాతోపాటు ఆరోగ్య సర్‌చార్జి కట్టాం కదా, మళ్లీ మందులకు డబ్బెందుకు?

సర్‌చార్జి పెద్దవారికి ఏడాదికి 1,035 పౌండ్లు. అది డాక్టరు, ఆసుపత్రి సేవలకు వర్తిస్తుంది గాని ఇంగ్లండ్‌లో ప్రిస్క్రిప్షన్ రుసుమును రద్దు చేయదు. ఇక్కడ పుట్టి పెరిగిన వారూ అదే రుసుము కడతారు. 2024 మే 1 నుంచి ఒక్కో మందుకు 9.90 పౌండ్లు, 2025లో పెంచలేదు. ఎన్ని మాత్రలున్నా ఒక మందుకు ఒక రుసుమే. గర్భనిరోధక మందులకు రుసుము లేదు. వేల్స్, స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌లలో ప్రిస్క్రిప్షన్లు అందరికీ ఉచితం.

షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లకు మందులు ఉచితమని విన్నాను. నిజమేనా?

నిజమే, కానీ దరఖాస్తు చేసుకోవాలి. షుగరుకు మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడేవారు, థైరాయిడ్ తక్కువై హార్మోను మాత్ర వాడేవారు, మూర్ఛకు నిరంతరం మందు వాడేవారు, క్యాన్సరుకు చికిత్స పొందుతున్నవారు, మరికొన్ని జబ్బులున్నవారు సర్జరీలో ఎఫ్‌పీ92ఏ అనే ఫారం అడిగి సంతకం చేయించుకుంటే మినహాయింపు సర్టిఫికెట్ వస్తుంది. అది సాధారణంగా అయిదేళ్లు చెల్లుతుంది. అది చేతిలో ఉంటే ఆ జబ్బు మందులే కాదు, ఏ జబ్బుకు రాసిన ఎన్‌హెచ్‌ఎస్ మందైనా ఉచితం. ఆహార నియమంతోనే షుగరు అదుపులో ఉన్నవారికి, ప్రీ డయాబెటిస్ అన్నవారికి ఇది వర్తించదు. బీపీ, ఆస్తమా, కొలెస్ట్రాల్ ఈ జాబితాలో లేవు.

60 ఏళ్లు నిండినవారికి, 16 ఏళ్ల లోపు పిల్లలకు, పూర్తికాలం చదువుకుంటున్న 16 నుంచి 18 ఏళ్లవారికి మందులు ఉచితం. గర్భిణులకు, ప్రసవమై 12 నెలలు నిండని తల్లులకు ప్రసూతి మినహాయింపు సర్టిఫికెట్ ఉంటుంది. నర్సమ్మనో మిడ్‌వైఫ్‌నో అడగండి. సర్టిఫికెట్ గడువు తీరిపోయినా ఉచితమని సంతకం చేస్తే, అసలు రుసుముతోపాటు 100 పౌండ్ల వరకు జరిమానా పడుతుంది. అందుకే గడువు తేదీని ఫోన్‌లో గుర్తుపెట్టుకోండి.

మినహాయింపు ఏదీ లేదు. ఖర్చు తగ్గించుకునే దారి ఉందా?

ముందస్తు చెల్లింపు సర్టిఫికెట్ తీసుకోండి. 9.90 పౌండ్ల రుసుముతో పాటు అమల్లోకి వచ్చిన ధరల ప్రకారం అది మూడు నెలలకు 32.05 పౌండ్లు, 12 నెలలకు 114.50 పౌండ్లు, ఆ కాలంలో ఎన్ని మందులైనా అదనంగా కట్టనక్కరలేదు. లెక్క ఇలా ఉంటుంది: మూడు నెలల్లో నాలుగు మందులు, లేదా ఏడాదిలో 12 మందులు తీసుకున్నా లాభమే. బీపీకి రెండు, కొలెస్ట్రాల్‌కు ఒకటి చొప్పున నెలనెలా తీసుకునేవారు ఏడాదికి 356.40 పౌండ్లు కట్టేచోట 114.50తో సరిపోతుంది. ఏడాది మొత్తాన్ని 10 వాయిదాలలో కట్టే వీలుంది. మెనోపాజ్ సమయంలో వాడే హార్మోను మందులకు విడిగా 19.80 పౌండ్ల సర్టిఫికెట్ ఉంది. ఆదాయం తక్కువ ఉన్నవారు హెచ్‌సీ1 ఫారం ద్వారా సహాయం కోరవచ్చు.

డబ్బు కట్టాక నాకు మినహాయింపు ఉందని తెలిసింది. తిరిగి ఇస్తారా?

కట్టే సమయంలోనే ఎఫ్‌పీ57 అనే రసీదు అడిగి తీసుకుని ఉంటేనే ఇస్తారు. తరువాత అడిగితే ఫార్మసీ ఇవ్వలేదు. మినహాయింపు దరఖాస్తు పెండింగులో ఉన్నవారు ప్రతిసారీ ఈ రసీదు అడగాలి. మూడు నెలల లోపు దాన్ని చూపి డబ్బు వెనక్కి తీసుకోవచ్చు.

## ఇబ్బందులు, ప్రయాణాలు

శనివారం రాత్రి చూస్తే మాత్రలు లేవు. సోమవారం దాకా ఆగాలా?

ఆగవద్దు. ఎన్‌హెచ్‌ఎస్ సహాయ నంబరు 111కు ఫోన్ చేయండి, లేదా 111 వెబ్‌సైటులో అత్యవసరంగా మందు కావాలని అడగండి. తెరిచి ఉన్న ఫార్మసీకి మిమ్మల్ని పంపిస్తారు. ఇంతకుముందు మీకు డాక్టరు రాసిన మందైతే, ప్రస్తుతం ప్రిస్క్రిప్షన్ లేకపోయినా ఫార్మసిస్టు తన విచక్షణతో కొన్ని రోజులకు ఇవ్వగలరు. 111 ద్వారా వెళితే ఎన్‌హెచ్‌ఎస్ నియమాల ప్రకారమే రుసుము. నేరుగా షాపుకు వెళితే మందు ధర కట్టమనవచ్చు. ఖాళీ డబ్బా, రిపీట్ స్లిప్పు లేదా యాప్ తీసుకువెళ్లండి. బలమైన నొప్పిమందులు, మరికొన్ని నియంత్రిత మందులు ఈ దారిలో దొరకవు.

ఇన్సులిన్, మూర్ఛ మందులు, స్టెరాయిడ్లు, రక్తం పలచబడే మందులు ఒక్క పూట కూడా ఆపకూడనివి. ఇవి అయిపోతే రాత్రైనా పగలైనా వెంటనే 111తో మాట్లాడండి.

సంక్రాంతికి ఇండియా వెళ్లి రెండు నెలలుంటాం. అన్ని రోజులకూ మందులు ఇస్తారా?

మూడు నెలలకు మించకుండా ఇవ్వడం సాధారణ పద్ధతి. కొన్ని సర్జరీలు అంతకంటే తక్కువకే ఒప్పుకుంటాయి. టిక్కెట్ల తేదీలు చెప్పి, ప్రయాణానికి కనీసం మూడు వారాల ముందు అడగండి. మూడు నెలలకు పైగా దేశం బయట ఉండేవారిని జీపీ జాబితా నుంచి తొలగించే అవకాశం ఉంది, తిరిగి వచ్చాక మళ్లీ నమోదు చేసుకోవాలి. మందులను వాటి అసలు డబ్బాలతో, రిపీట్ స్లిప్పుతో చేతి సామానులో పెట్టుకోండి. ఇన్సులిన్‌ను విమానం కింది సామానులో వేయకూడదు, అక్కడ గడ్డకట్టి పాడవుతుంది.

విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మ మందులు అయిపోయాయి. ఎక్కడ అడగాలి?

మూడు నెలల లోపు ఉండేవారిని దగ్గరలోని సర్జరీ తాత్కాలిక రోగిగా నమోదు చేసుకోవచ్చు. అంతకంటే ఎక్కువ కాలం ఉంటే మామూలు నమోదు కోరవచ్చు. జీపీ సంప్రదింపు సందర్శకులకు కూడా ఉచితమే, ఆసుపత్రి చికిత్సకు మాత్రం చాలావరకు ఖర్చు కట్టాలి. అపాయింట్‌మెంట్ దొరకడం, పాత రికార్డు లేకుండా మందు రాయించుకోవడం సమయం తీసుకుంటాయి కాబట్టి, ఈసారి వారు బయలుదేరేటప్పుడు ఉండే రోజులకు మరో రెండు వారాలు కలిపి మందులు, మందు అసలు పేర్లతో డాక్టరు చీటీ తెచ్చుకోమనండి.

సర్జరీ మారుతున్నాం. రిపీట్ జాబితా దానంతట అదే వస్తుందా?

రికార్డు వస్తుంది గాని, కొత్త డాక్టరు చూసి ఒప్పుకునే దాకా మందులు రాకపోవచ్చు. పాత సర్జరీ నుంచి నెల రోజుల మందు తీసుకున్న తరువాతే మారండి. పాత రిపీట్ స్లిప్పును కొత్త సర్జరీకి నమోదు రోజునే ఇవ్వండి.

వాడని మందులు ఇంట్లో చాలా ఉన్నాయి. ఇంకెవరికైనా ఇవ్వవచ్చా?

ఇవ్వకూడదు, అదే జబ్బున్న వదినగారికైనా సరే. సింకులోనో చెత్తబుట్టలోనో వేయకూడదు కూడా. ఏ ఫార్మసీకి తీసుకువెళ్లినా తీసుకుని సురక్షితంగా నాశనం చేస్తారు. సీలు విప్పని డబ్బా అయినా ఒకసారి ఇంటికి వెళ్లినదాన్ని మరొకరికి ఇవ్వరు. ఇన్సులిన్ సూదులకు పసుపు రంగు డబ్బా ప్రిస్క్రిప్షన్ మీద దొరుకుతుంది; నిండిన డబ్బాను మీ ప్రాంతంలో కౌన్సిల్ తీసుకువెళుతుందో, సర్జరీలో ఇవ్వాలో రిసెప్షన్‌లో అడిగితే చెబుతారు.